ఏరోమాటిక్ హైడ్రోకార్బన్ల హాలోజనీకరణం: చర్యా పరిస్థితులపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, చిత్తూరు, కర్నూలు, నెల్లూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న పిల్లలకు ఆదివారాలు సేంద్రియ రసాయనం చెబుతుంటాను. పీణ్య, జిగణి ప్రాంతాల్లోని మందుల కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లూ వస్తుంటారు. వీరిలో ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లే ఎక్కువ. బెంజీన్ వలయం ఉన్న హైడ్రోకార్బన్లకు క్లోరిన్, బ్రోమిన్ వంటి హాలోజన్లను చేర్చే ఈ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి అందరూ దాదాపు ఒకే రకం ప్రశ్నలు అడుగుతారు. బాణం గుర్తు మీద రాసే ‘అనార్ద్ర (నీరు లేని) ఫెర్రిక్ క్లోరైడ్, చీకటి’, ‘సూర్యకాంతి, 383 కెల్విన్’ వంటి మాటలను బట్టీ పట్టి పరీక్షలో దించేస్తారు. చర్య ఎటు నడవాలో నిర్ణయించేది ఆ మాటలేనని వాళ్లకు ఎవరూ తీరిగ్గా చెప్పి ఉండరు. అందుకే ఈ జవాబులు రాసిపెడుతున్నాను.

టొల్యూన్ అదే, క్లోరిన్ అదే. ఒకచోట క్లోరోటొల్యూన్ వస్తుందంటారు, ఇంకోచోట బెంజైల్ క్లోరైడ్ అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. టొల్యూన్ అణువులో క్లోరిన్ చేరడానికి రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి వలయం, రెండోది వలయానికి అంటుకుని ఉన్న మిథైల్ సమూహం. క్లోరిన్ ఎక్కడికి పోతుందో తెలియాలంటే ఆ పాత్రలో అది ఏ రూపం దాల్చిందో ముందు చూడాలి.

చల్లగా, చీకట్లో, ఫెర్రిక్ క్లోరైడ్ గానీ అల్యూమినియం క్లోరైడ్ గానీ ఉన్న పాత్రను ఊహించుకోండి. ఆ లూయీ ఆమ్లం క్లోరిన్ అణువులోని ఒక పరమాణువు దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటను పట్టుకుంటుంది. దాంతో బంధంలోని ఎలక్ట్రాన్లు అటువైపు జరిగి, రెండో క్లోరిన్ ధనావేశం వైపు మొగ్గుతుంది. ఎలక్ట్రాన్ల కోసం వెతుకుతున్న ఈ క్లోరిన్‌కు అవి సమృద్ధిగా దొరికే చోటు వలయమే. వలయం తన ఎలక్ట్రాన్లతో క్లోరిన్‌ను బంధించి, కాసేపు ధనావేశం మోసి, ఒక ప్రోటాన్‌ను వదిలి మళ్లీ ఏరోమాటిక్ స్థితికి చేరుకుంటుంది. మనకు ఆర్థో (మిథైల్ పక్క స్థానం), పారా (మిథైల్‌కు ఎదురు స్థానం) క్లోరోటొల్యూన్లు దొరుకుతాయి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు బయటికి పోతుంది.

ఇప్పుడు ఉత్ప్రేరకం లేకుండా, మరుగుతున్న టొల్యూన్‌లోకి వెలుతురులో క్లోరిన్‌ను పంపండి. కాంతి తగిలిన క్లోరిన్ అణువు సరిసమానంగా చీలి రెండు పరమాణువులవుతుంది. ఒక్కొక్క దానిలో జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. ఈ పరమాణువు హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. ఏ హైడ్రోజన్‌ను? ఇక్కడ అంకెలే జవాబు చెబుతాయి. మిథైల్ సమూహంలోని కార్బన్–హైడ్రోజన్ బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 375 కిలోజౌళ్లు చాలు. వలయంలోని బంధానికి దాదాపు 470 కావాలి. కొత్తగా ఏర్పడే హైడ్రోజన్ క్లోరైడ్ బంధం ఇచ్చేది 431. మిథైల్ హైడ్రోజన్‌ను లాక్కుంటే శక్తి మిగులుతుంది, వలయం హైడ్రోజన్‌ను లాక్కోవాలంటే ఎదురు ఖర్చవుతుంది. అందువల్ల మిథైల్ దగ్గరే పని జరిగి బెంజైల్ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న ముక్క) పుడుతుంది. అది మరో క్లోరిన్ అణువు నుంచి ఒక పరమాణువును తీసుకుని బెంజైల్ క్లోరైడ్ అవుతుంది. ఒంటరిగా మిగిలిన క్లోరిన్ పరమాణువు ఇంకో టొల్యూన్ మీద పడుతుంది. గొలుసు అలా సాగిపోతుంది.

ఈ పుటలోని మిగతా జవాబులన్నీ ఈ ఒక్క భేదం నుంచే వస్తాయి. అందుకే ఉత్పన్నం ఏమిటని అడిగే ముందు ‘ఇక్కడ హాలోజన్ ఏమైంది?’ అని అడగమని నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ చెబుతాను.

ఇథిలీన్ బ్రోమిన్ రంగును వెంటనే పోగొడుతుంది కదా, బెంజీన్‌కు ఉత్ప్రేరకం ఎందుకు?

ఆరు ఎలక్ట్రాన్లు వలయమంతటా పరుచుకోవడం వల్ల బెంజీన్‌కు మోల్‌కు సుమారు 150 కిలోజౌళ్ల అదనపు స్థిరత్వం ఉంది. చర్య మొదటి మెట్టులోనే ఆ స్థిరత్వాన్ని వదులుకోవాలి. మామూలు బ్రోమిన్ అణువు కోసం బెంజీన్ అంత మూల్యం చెల్లించదు. లూయీ ఆమ్లం సాయంతో పదునెక్కిన బ్రోమిన్‌తోనే చర్య జరుపుతుంది. వలయం మీద ఎలక్ట్రాన్లను ఇచ్చే సమూహాలు ఉంటే ఈ అవసరం తగ్గుతుంది. రెండు మూడు వలయాలు అతుక్కున్న అణువులు మొదటి మెట్టులో వదులుకునే స్థిరత్వం కూడా తక్కువే. అందుకే నాఫ్తలీన్‌ను కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో కరిగించి బ్రోమిన్ కలిపి వేడిచేస్తే ఉత్ప్రేరకం లేకుండానే 1-బ్రోమోనాఫ్తలీన్ వస్తుంది. ఆంత్రసీన్ అయితే మధ్య వలయంలోని 9, 10 స్థానాల దగ్గర ఇట్టే చర్య జరుపుతుంది.

ఫెర్రిక్ బ్రోమైడ్ లేకపోతే ఇనుప రజను వేయవచ్చా?

వేయవచ్చు. చాలా కళాశాలల్లో చేసేది అదే. ఇనుము బ్రోమిన్‌తో కలిసి పాత్రలోనే ఫెర్రిక్ బ్రోమైడ్ అవుతుంది. అది తయారయ్యే వరకు ఏమీ జరగనట్టు కనిపిస్తుంది, ఆ తరువాత ఒక్కసారిగా వాయువు పొంగుతుంది. తొందరపడి బ్రోమిన్ ఎక్కువ పోయకండి.

‘అనార్ద్ర’ అని అంత గట్టిగా ఎందుకు చెబుతారు?

లూయీ ఆమ్లానికి ఎలక్ట్రాన్ జంట కావాలి. నీటిలోని ఆక్సిజన్ దగ్గర ఆ జంట సిద్ధంగా ఉంటుంది, పైగా క్లోరిన్ కన్నా సులువుగా ఇస్తుంది. నీరు దొరికితే అల్యూమినియం క్లోరైడ్ హాలోజన్ జోలికే పోదు, నీటితో చర్య జరిపి హైడ్రోజన్ క్లోరైడ్ పొగలు వదులుతూ చెడిపోతుంది.

ఊరిని బట్టి తేడా కనిపించేది ఇక్కడే. చెన్నైలో సముద్రపు గాలి తేమగా ఉంటుంది. అక్కడ అల్యూమినియం క్లోరైడ్ సీసా మూత తీసి తూచేలోపే తెల్లని పొగలు రావడం అక్కడి విద్యార్థులకు బాగా తెలుసు. బెంగళూరులో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాలి పొడిగా ఉండి పని సాఫీగా సాగుతుంది, వానాకాలంలో మాత్రం ఇక్కడా అదే కథ. ఎక్కడున్నా గాజు సామాను ఓవెన్‌లో ఆరబెట్టాలి, కండెన్సర్ పైన కాల్షియం క్లోరైడ్ నింపిన గొట్టం పెట్టాలి.

ఫెర్రిక్ క్లోరైడ్ వాడేవారికి ఒక మాట. అనార్ద్ర రూపం నలుపుకు దగ్గరగా ఉండే ముదురు రంగు పొడి. పసుపుపచ్చగా, తడిగా, ముద్దలు కట్టి ఉన్నది ఆరు నీటి అణువులు పట్టుకున్న రూపం. సీసా మీద పేరు ఒకటే కావడంతో చాలామంది రెండో దాన్ని వేసి, చర్య ఎందుకు జరగలేదని గంటల తరబడి చూస్తూ కూర్చుంటారు.

చీకటి అంటే ఎంత చీకటి? వెలుతురు అంటే అతినీలలోహిత దీపమే ఉండాలా?

అక్కర్లేదు. క్లోరిన్ బంధశక్తి మోల్‌కు సుమారు 243 కిలోజౌళ్లు. అంత శక్తి 490 నానోమీటర్ల దగ్గరి కాంతికే ఉంది. అంటే నీలి రంగు కాంతి చాలు. బ్రోమిన్‌కు 193 కిలోజౌళ్లు కాబట్టి లెక్క ప్రకారం 620 నానోమీటర్లు, నారింజ రంగు కాంతి కూడా చాలు. కిటికీలోంచి పడే ఎండ గాజును దాటి ఈ పని చక్కగా చేస్తుంది. అందువల్ల వలయం మీద బ్రోమిన్ చేర్చాలనుకున్నప్పుడు ఫ్లాస్కును కిటికీ పక్కన పెట్టకండి, అల్యూమినియం రేకు చుట్టండి. పక్క గొలుసు మీద కావాలనుకుంటే దగ్గరగా ఒక బలమైన బల్బు పెడితే చాలు.

ఆక్సిజన్ గురించి పాఠ్యపుస్తకాలు పెద్దగా చెప్పవు. ఆక్సిజన్ అణువు బెంజైల్ రాడికల్‌ను పట్టుకుని గొలుసును ఆపేస్తుంది. దీపం వేసినా మొదట్లో చర్య మొదలుకాకపోతే కరిగి ఉన్న గాలే కారణం కావచ్చు. టొల్యూన్‌ను మరిగించమనడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి: మరిగేటప్పుడు కరిగిన ఆక్సిజన్ బయటికి పోతుంది.

బెంజీన్‌కు పక్క గొలుసు లేదు కదా. ఉత్ప్రేరకం లేకుండా కాంతిలో క్లోరిన్ పంపితే ఏమవుతుంది?

హైడ్రోజన్‌ను లాక్కోవడం లాభసాటి కాదు కాబట్టి క్లోరిన్ పరమాణువు వలయానికే అతుక్కుంటుంది. అలా మొదలైన సంకలనం (ఏదీ పోకుండా క్లోరిన్ చేరడం) ఆరు క్లోరిన్లు చేరేవరకు సాగి హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్ వస్తుంది. ఏరోమాటిక్ గుణం పూర్తిగా పోతుంది. హైడ్రోజన్లు ఆరూ అలాగే ఉంటాయి కాబట్టి హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడదు. ప్రతిక్షేపణకూ (హైడ్రోజన్ పోయి ఆ చోట క్లోరిన్ రావడం) సంకలనానికీ తేడా ప్రయోగశాలలో ఇలాగే తెలుస్తుంది: బయటికి వచ్చే వాయువు తడి నీలి లిట్మస్‌ను ఎర్రగా మారిస్తే ప్రతిక్షేపణ జరుగుతున్నట్టు.

మైకేల్ ఫారడే 1825లో బెంజీన్‌ను కనుగొన్నారు. అదే ఏడాది ఈ హెక్సాక్లోరైడ్‌ను కూడా తయారుచేశారు. ఇందులో అనేక సాదృశ్యాలు (ఒకే ఫార్ములా ఉండి, అమరిక వేరైన రూపాలు) కలిసి ఉంటాయి. వాటిలో పురుగులను చంపే శక్తి గామా సాదృశ్యానిది. 1912లో దాన్ని వేరుచేసిన వాన్ డెర్ లిండెన్ పేరు మీదే లిండేన్ అన్నారు. మన పెద్దలు పొలాల్లో చల్లిన బీహెచ్‌సీ (బెంజీన్ హెక్సాక్లోరైడ్) పొడి ఈ మిశ్రమమే. నేలలోనూ, జంతువుల కొవ్వులోనూ ఏళ్ల తరబడి నిలిచిపోతుందని తేలడంతో 2009లో దీన్ని స్టాక్‌హోం ఒప్పందపు జాబితాలో చేర్చారు. అదే బెంజీన్, అదే క్లోరిన్ ఉన్న పాత్రలో ఇనుప రజను వేసి దీపం ఆర్పితే వచ్చేది మందుల తయారీకి, రంగుల తయారీకి పనికివచ్చే క్లోరోబెంజీన్. పరిస్థితుల ప్రాధాన్యం తెలియడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

బెంగళూరులో టొల్యూన్ 110.6 డిగ్రీలకు రాకముందే మరుగుతోంది. థర్మామీటర్ పాడైందా?

పాడవలేదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడి గాలి పీడనం చెన్నైకన్నా సుమారు పదో వంతు తక్కువ. అందువల్ల నీరు 97 డిగ్రీల సెల్సియస్ దగ్గర, టొల్యూన్ 107 దగ్గర, బెంజీన్ 77 దగ్గర మరుగుతాయి. రికార్డులో పుస్తకపు అంకె రాయకండి, మీరు చూసిన అంకె రాసి పక్కన పీడనం నమోదు చేయండి. క్లోరినీకరణానికి ఈ నాలుగు డిగ్రీల తేడా లెక్కలోకి రాదు. స్వేదనంలో భాగాలు వేరుచేసేటప్పుడు మాత్రం తప్పక వస్తుంది.

‘గది ఉష్ణోగ్రత’ అని రాస్తారు. ఏ గది?

న్యాయమైన ప్రశ్న. పద్ధతులు రాసేవారు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీలు అనుకుంటారు. బెంగళూరులో ఏడాదిలో చాలా రోజులు అదే ఉంటుంది. మే నెల చెన్నైలో ఏసీ లేని ప్రయోగశాల 35 దాటుతుంది. బ్రోమిన్ 58.8 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆ వేడిలో ద్రవం నుంచి ఆవిరి జోరుగా లేస్తుంది, బ్రోమిన్ నష్టం పెరుగుతుంది, మనుషులకు ప్రమాదం పెరుగుతుంది. మంచు తొట్టి పెట్టుకోండి. వలయం మీద చర్య ఉష్ణమోచకం కూడా. వేడి పెరిగిన కొద్దీ రెండో హాలోజన్ చేరే అవకాశం ఎక్కువవుతుంది.

అయితే వేడి తప్పనిసరి అయిన సందర్భాలూ ఉన్నాయి. నైట్రో సమూహం వలయం నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. అందుకే నైట్రోబెంజీన్‌ను ఇనుము, బ్రోమిన్లతో 135 నుంచి 145 డిగ్రీల దాకా వేడిచేస్తే గానీ మెటా-బ్రోమోనైట్రోబెంజీన్ (నైట్రో నుంచి ఒక స్థానం వదిలి బ్రోమిన్ చేరినది) రాదు.

ఆర్థో, పారా నిష్పత్తిని మన ఇష్టం వచ్చినట్టు మార్చగలమా?

కొంతవరకు. టొల్యూన్‌ను క్లోరినీకరిస్తే మామూలుగా ఆర్థో భాగమే ఎక్కువ, సుమారు అరవై శాతం వరకు ఉంటుంది. ఆర్థో స్థానాలు రెండు, పారా ఒకటే కాబట్టి ఇందులో వింత లేదు. బ్రోమిన్ పరిమాణంలో పెద్దది. మిథైల్ పక్కన దానికి చోటు ఇరుకు కాబట్టి పారా వైపు మొగ్గుతుంది. ద్రావణిని, ఉత్ప్రేరకాన్ని మార్చి నిష్పత్తిని అటూ ఇటూ జరపవచ్చు గానీ ఒక్కటే వచ్చేలా చేయడం కష్టం. పైగా ఆర్థో-క్లోరోటొల్యూన్ 159 డిగ్రీలకు, పారా 162కు మరుగుతాయి. ఆ మూడు డిగ్రీల తేడాతో మామూలు స్వేదనంలో వేరుపడవు. పరిశ్రమల్లో పొడవాటి స్తంభాలు, స్ఫటికీకరణ వాడేది ఇందుకే.

ఒక్క హాలోజన్ దగ్గర ఆపడం ఎలా?

వలయం మీద అయితే ఇది కొంత సులువు. ఒక క్లోరిన్ చేరగానే వలయం చురుకుదనం తగ్గుతుంది కాబట్టి మిగిలిన బెంజీన్‌కే మొదటి వంతు దక్కుతుంది. బెంజీన్‌ను ఎక్కువగా తీసుకుని, క్లోరిన్‌ను కొలిచి పంపితే మోనో ఉత్పన్నం ప్రధానంగా వస్తుంది.

పక్క గొలుసు మీద అంత తేలిక కాదు. బెంజైల్ క్లోరైడ్‌లో ఇంకా రెండు హైడ్రోజన్లు ఉన్నాయి. అవీ పోతే బెంజాల్ క్లోరైడ్, ఆపైన బెంజోట్రైక్లోరైడ్. పాతకాలపు పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం. 92 గ్రాముల టొల్యూన్ పూర్తిగా బెంజైల్ క్లోరైడ్ అయితే బరువు 126.5 గ్రాములు అవుతుంది. కాబట్టి ఫ్లాస్కును మధ్యమధ్య తూస్తూ, బరువు 34.5 గ్రాములు పెరగడానికి కాస్త ముందే క్లోరిన్ ఆపేస్తారు. ఈ మూడు క్లోరైడ్ల మరిగే స్థానాలు వరుసగా 179, 205, 221 డిగ్రీలు కాబట్టి ఇక్కడ స్వేదనం బాగా పనిచేస్తుంది. మిగతా రెండూ వృథా కావు: బెంజాల్ క్లోరైడ్‌ను జలవిశ్లేషణ చేస్తే బెంజాల్డిహైడ్, బెంజోట్రైక్లోరైడ్‌ను చేస్తే బెంజోయిక్ ఆమ్లం వస్తాయి.

ఇథైల్‌బెంజీన్‌లో పక్క గొలుసు మీద రెండు కార్బన్లున్నాయి. ఏది ముందు?

వలయానికి ఆనుకుని ఉన్నదే. బ్రోమిన్ దాదాపు పూర్తిగా అక్కడికే పోతుంది. క్లోరిన్ మాత్రం సుమారు పదో వంతు చివరి కార్బన్ మీద కూడా చేరుతుంది. హైడ్రోజన్ బ్రోమైడ్ బంధం ఇచ్చేది 366 కిలోజౌళ్లే కాబట్టి బ్రోమిన్ పరమాణువుకు బలహీనమైన బంధాన్ని ఎంచుకోక తప్పదు. క్లోరిన్ దగ్గర శక్తి మిగులు ఉంది, అంత ఎంపిక దానికి అక్కర్లేదు. టెర్షియరీ బ్యూటైల్‌బెంజీన్‌లో వలయం పక్కన కార్బన్‌కు హైడ్రోజనే లేదు కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే.

బ్రోమిన్ ఉండగా ఎన్‌బీఎస్ ఎందుకు?

ఎన్-బ్రోమోసక్సినిమైడ్ తెల్లని ఘనపదార్థం, తూచడం సులువు. అసలు లాభం వేరే ఉంది. చర్యలో పుట్టే హైడ్రోజన్ బ్రోమైడ్‌తో అది కలిసి, ఎప్పటికప్పుడు అతి కొద్ది బ్రోమిన్‌ను మాత్రమే విడుదల చేస్తుంది. బ్రోమిన్ అంత తక్కువగా ఉంటే వలయం మీద దాడి గానీ, ద్విబంధాలకు సంకలనం గానీ వెనకబడి, రాడికల్ మార్గం ముందుకు వస్తుంది. మొదలుపెట్టడానికి కాంతి గానీ బెంజోయిల్ పెరాక్సైడ్ గానీ కావాలి. వోల్ 1919లో, సీగ్లర్ 1942లో చేసిన పనుల వల్ల దీనికి వోల్–సీగ్లర్ చర్య అని పేరు.

కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో చేస్తే కంటికే తెలుస్తుంది. బరువైన ఎన్‌బీఎస్ అడుగున ఉంటుంది, చర్య ముగిశాక తేలికైన సక్సినిమైడ్ పైకి తేలుతుంది. ఆ ద్రావణి కాలేయానికి, ఓజోన్ పొరకు హాని చేస్తుంది కాబట్టి మాంట్రియల్ ఒప్పందం కింద దాని మీద కట్టడి ఉంది, ఇప్పుడు వేరే ద్రావణులు వాడుతున్నారు. ద్రావణి మార్చేటప్పుడు జాగ్రత్త. అనిసోల్ వంటి చురుకైన వలయం ఉన్నప్పుడు అసిటోనైట్రైల్‌లో ఎన్‌బీఎస్ వేస్తే వలయం మీదే, పారా స్థానంలో బ్రోమిన్ చేరుతుంది. కారకం మారలేదు, ద్రావణి ధ్రువత్వం మారింది, దారి మారిపోయింది. జిగణి నుంచి వచ్చే మిత్రులకు ఈ సంగతి రెండుసార్లు చెబుతాను.

ఫినాల్‌కు బ్రోమిన్ నీళ్లు పోస్తే మూడు బ్రోమిన్లు ఎందుకు చేరతాయి?

ఫినాల్ హైడ్రోకార్బన్ కాదు, అయినా అందరూ అడుగుతారు. నీటిలో కొంత ఫినాల్ ఫినాక్సైడ్ అయాన్‌గా మారుతుంది, అది విపరీతమైన చురుకు గలది. 2,4,6-ట్రైబ్రోమోఫినాల్ తెల్లని అవక్షేపంగా పడిపోతుంది. కార్బన్ డైసల్ఫైడ్‌లో, సున్నా డిగ్రీల దగ్గర చేస్తే పారా-బ్రోమోఫినాల్ ప్రధానంగా వచ్చి అక్కడ ఆగుతుంది.

అయోడిన్, ఫ్లోరిన్ గురించి ఎందుకు తక్కువ చెబుతారు?

అయోడిన్ చర్య ఉత్క్రమణీయం. పుట్టిన హైడ్రోజన్ అయొడైడ్ ఉత్పన్నాన్ని మళ్లీ బెంజీన్‌గా మార్చేస్తుంది. నైట్రిక్ ఆమ్లం, అయోడిక్ ఆమ్లం వంటి ఆక్సీకరణి వేసి దాన్ని తొలగిస్తే చర్య ముందుకు సాగుతుంది. ఫ్లోరిన్‌ది దీనికి పూర్తి విరుద్ధం. నేరుగా కలిపితే పేలుడే. అందుకే 1927 నుంచి బాల్జ్–షీమన్ పద్ధతి ఉంది: ఎనిలీన్‌ను డయజోనియం ఫ్లోరోబోరేట్‌గా మార్చి, ఆ లవణాన్ని వేడిచేస్తే ఫ్లోరోబెంజీన్ వస్తుంది.

కాంతి, వేడి, ఇనుము మూడూ ఒకే పాత్రలో ఉంటే?

రెండు దారులూ ఒకేసారి తెరుచుకుంటాయి, చేతికి వచ్చేది గందరగోళం. అంతకంటే పెద్ద చిక్కు ఉంది. తయారైన బెంజైల్ క్లోరైడ్‌ను ఇనుపలవణాలు ఫ్రీడెల్–క్రాఫ్ట్స్ చర్యకు పురిగొల్పుతాయి. బెంజైల్ క్లోరైడ్ అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ, హైడ్రోజన్ క్లోరైడ్ వదులుతూ, జిగురు పదార్థమవుతాయి. మూసిన డ్రమ్ములో ఇది జరిగితే పీడనం పెరిగి ప్రాణాపాయం. పరిశ్రమల్లో ఈ చర్యకు గాజు పూత పూసిన రియాక్టర్లు వాడడం, టొల్యూన్‌లో తుప్పు కణాలు లేకుండా చూడడం ఈ కారణంగానే.

నాకు వచ్చింది వలయం మీద చేరినదా, పక్క గొలుసు మీద చేరినదా? పరికరాలు లేకుండా ఎలా తెలుసుకోవాలి?

మొదట ఫ్యూమ్ కప్‌బోర్డ్ కిందకు వెళ్లండి. బెంజైల్ క్లోరైడ్ కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది, అందువల్ల వాసన చూసి తేల్చుకుందామని ఎవరూ అనుకోవద్దు. బ్రోమిన్ పని చేస్తున్నప్పుడు పక్కన సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ఉంచుకోండి, చేతికి తొడుగులు తప్పనిసరి.

కొద్ది నమూనాను సజల సోడియం హైడ్రాక్సైడ్‌తో కాసేపు మరిగించి చల్లార్చండి. విలీన నైట్రిక్ ఆమ్లంతో ద్రావణాన్ని ఆమ్లీకరించి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయండి. తెల్లని సిల్వర్ క్లోరైడ్ పడితే క్లోరిన్ పక్క గొలుసు మీద ఉన్నట్టు, ఎందుకంటే అది సులువుగా అయానుగా విడిపోతుంది. వలయానికి పట్టుకున్న క్లోరిన్ ఆ మాత్రం మరిగింపుకు కదలదు, ద్రావణం తేటగానే ఉంటుంది. ఆమ్లీకరించడం మరిచిపోతే మిగిలిన క్షారంతో సిల్వర్ ఆక్సైడ్ గోధుమ రంగులో పడి ఏదీ తేలదు. పలచని పొగలా తెల్లదనం కనిపిస్తే నమూనాలో రెండూ కలిసి ఉండవచ్చు. అప్పుడు స్వేదనం చేసి 160 డిగ్రీల దగ్గరి భాగాన్ని, 179 దగ్గరి భాగాన్ని విడివిడిగా పట్టి, ఒక్కోదానితో పరీక్ష మళ్లీ చేయండి. బెంగళూరులో చేస్తుంటే ఆ రెండు అంకెల నుంచీ నాలుగైదు డిగ్రీలు తగ్గించుకోండి.